శనివారం రాత్రి, 650 మీద

పాలసీలు అమ్ముకోవడానికి ఓ బీమా కంపెనీ పెట్టుకున్న రేడియో స్టేషన్ అది. వందేళ్లు తిరిగేసరికి కంపెనీ పేరు చెరిగిపోయింది, పాట మిగిలింది. అమెరికా కంట్రీ సంగీతానికి పుట్టిల్లు అనిపించుకున్న నాష్‌విల్ స్టేషన్ డబ్ల్యూఎస్‌ఎం కథ.

టెనెస్సీ రాజధాని నాష్‌విల్ నుంచి దక్షిణంగా, ఇంటర్‌స్టేట్ 65 మీద కారులో పోతుంటే బ్రెంట్‌వుడ్ దగ్గర ఓ వింత టవరు కనబడుతుంది. మామూలు టవర్లు కింద వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. దీనికి కిందా మొనే, పైనా మొనే. నడుమ మాత్రం పొట్ట. ఎవరో గాలిపటం బద్దను నిలువునా పాతి, అది పడిపోకుండా నడుముకు ఇనుప తాళ్లు కట్టినట్టుంటుంది. ఎత్తు 808 అడుగులు. ఆ బరువంతా మోస్తున్నది అడుగునున్న పింగాణీ దిమ్మె. కరెంటు నేలలోకి పోకుండా ఆపేది అదే. టవరు మీద ఏరియల్ కోసం వెతక్కండి. ఆ టవరే ఏరియల్.

1932లో దీన్ని నిలబెట్టినప్పుడు ఎత్తు 878 అడుగులు. ఉత్తర అమెరికాలో అంతకు మించిన టవరు అప్పటికి లేదు. ఏడేళ్ల తర్వాత ఇంజినీర్లు 70 అడుగులు కోసేశారు. ఎత్తు ఎక్కువైతే మేలే కదా అనుకుంటాం. ఇక్కడ అది ఎదురు తిరిగింది. నేల వెంట వెళ్లే తరంగమూ ఆకాశం తాకి దిగివచ్చే తరంగమూ కొంత దూరం పోయాక ఒకదాన్నొకటి కొట్టేసుకుని, అక్కడి ఊళ్లలో పాట మసకబారిపోయేది. కోత పడ్డాక సర్దుకుంది.

మీడియం వేవ్ ముల్లు తిప్పిన తరానికి ఈ ఆకాశపు తరంగం సంగతి చెప్పనక్కర్లేదు. పగలు ఎంత వెతికినా దొరకని దూరపు స్టేషన్లు చీకటి పడగానే పక్కింట్లోంచి వచ్చినట్టు పలికేవి. విజయవాడ కేంద్రం పెట్టుకుని వార్తలు వింటుంటే వెనకాల ఏదో తెలియని భాషలో పాట సన్నగా దూరేది. పగటి ఎండకు పై వాతావరణంలో ఏర్పడే ఓ పొర ఈ తరంగాలను మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు ఇంకా పైనున్న పొర వాటిని అద్దంలా తిరిగి నేల మీదికి కొడుతుంది. డబ్ల్యూఎస్‌ఎంకు ఈ ప్రకృతి సాయానికి సర్కారు సాయం కూడా తోడైంది. 650 కిలోహెర్ట్జ్ మీద రాత్రిపూట ఇంకో స్టేషన్ గొంతు అడ్డుపడకుండా దాన్ని కాపాడారు. 1932 నుంచి 50,000 వాట్ల బలం. అలా ఓ ఊరి స్టేషన్ రాత్రి కాగానే సగం ఖండానికి స్టేషన్ అయ్యేది.

ఇంత హంగు చేసింది సంగీతం మీద ప్రేమతో కాదు. వారం వారం వసూలు చేసుకునే చిల్లర ప్రీమియం కోసం.

వాకిట్లో నిలబడిన ఏజెంటు

నేషనల్ లైఫ్ అండ్ యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ కంపెనీ పెద్దవాళ్లకు పెద్ద పాలసీలు రాసే సంస్థ కాదు. కూలీనాలీ చేసుకునేవాళ్లకు, మిల్లు కార్మికులకు, చిన్న రైతులకు జబ్బు చేస్తేనో, దెబ్బ తగిలితేనో, మనిషి పోతేనో అక్కరకొచ్చే చిన్న పాలసీలు అమ్మేది. డబ్బు ఏడాదికోసారి కట్టమంటే వాళ్లు కట్టలేరు. ఏజెంటే వారానికోసారి గడప దగ్గరికొచ్చి నాణేలు లెక్కపెట్టుకుని పుస్తకంలో రాసుకుని పోయేవాడు. అలాంటి వ్యాపారానికి ప్రాణం తలుపు తట్టినప్పుడు అవతలివాళ్లు తెరవడంలోనే ఉంటుంది.

కంపెనీ పెద్ద సి.ఎ. క్రెయిగ్ కొడుకు ఎడ్విన్ క్రెయిగ్‌కు రేడియో పిచ్చి. మనకూ ఓ స్టేషన్ ఉండాలని ఇంట్లో పట్టుబట్టాడు. 1925 అక్టోబర్ 5న నాష్‌విల్‌లోని కంపెనీ భవనం అయిదో అంతస్తు నుంచి స్టేషన్ మోగింది. మొదట్లో దాని బలం 1,000 వాట్లు. పేరు డబ్ల్యూఎస్‌ఎం. ఆ మూడక్షరాలు కంపెనీ నినాదానికి పొడి అక్షరాలు. ‘వియ్ షీల్డ్ మిలియన్స్’ - లక్షలాది మందికి మేమే రక్ష అని. అప్పటి రేడియో పేర్లలో ఇదో రివాజు. షికాగోలో సియర్స్ దుకాణం వాళ్ల స్టేషన్ పేరు డబ్ల్యూఎల్‌ఎస్, అంటే ‘వరల్డ్స్ లార్జెస్ట్ స్టోర్’. స్టేషన్ పేరు పలికిన ప్రతిసారీ ఖర్చు లేని ప్రకటన.

ఏజెంట్లకు ఇది వరమైంది. గుమ్మంలో నిలబడగానే పాలసీ మాట ఎత్తితే తలుపు మూసేస్తారు. శనివారం రాత్రి మా పాటలు విన్నారా అని అడిగితే మంచినీళ్లిచ్చి కూర్చోబెడతారు. ప్రోగ్రాం టిక్కెట్లు ఏజెంట్ల చేతుల మీదుగానే పంచేవారు. మన ఊళ్లో బీమా ఏజెంటు చేతిలో కొత్త సంవత్సరం క్యాలెండరు చేసే పనిని అక్కడ పాట చేసింది. కాకపోతే క్యాలెండరు ఏడాదికోసారి, పాట వారానికోసారి.

ముప్పై ఏళ్ల ‘ముసలి జడ్జి’

స్టేషన్ పెట్టిన నెలకే క్రెయిగ్ ఓ మనిషిని షికాగో నుంచి తెచ్చుకున్నాడు. పేరు జార్జ్ డి. హే. మెంఫిస్‌లో పత్రికా విలేఖరిగా కోర్టు వార్తలు రాస్తూ, జడ్జికీ ముద్దాయికీ మధ్య నడిచే సంభాషణలతో హాస్యం పండించేవాడు. ఆ శీర్షిక వల్లే అతనికి ‘గంభీరమైన ముసలి జడ్జి’ అన్న ముద్దుపేరు అంటుకుంది. నాష్‌విల్‌కొచ్చేనాటికి వయసు ముప్పై. చేతిలో ఎప్పుడూ పడవకూతలాంటి కూత పెట్టే కొయ్య ఈల. షికాగో డబ్ల్యూఎల్‌ఎస్‌లో ‘నేషనల్ బార్న్ డాన్స్’ అనే పల్లెపాటల కార్యక్రమం ఎంత పేరు తెస్తున్నదో కళ్లారా చూసి వచ్చినవాడు.

1925 నవంబర్ 28 శనివారం రాత్రి హే తన స్టూడియోలో ఓ 77 ఏళ్ల గడ్డం తాతను మైకు ముందు కూర్చోబెట్టాడు. అంకుల్ జిమ్మీ థాంప్సన్. చేతిలో ఫిడేలు. పక్కన పియానో మీద మేనకోడలు ఈవా థాంప్సన్ జోన్స్. గదిలో ప్రేక్షకులు లేరు. వినేవాళ్లు కోరిన పాటలు వాయిస్తానని తాత ఒప్పుకున్నాడు. తనకు వెయ్యి పాటలొచ్చని కూడా చెప్పాడు. గంట గడిచింది. అలసిపోలేదా అని హే అడిగితే, ఇప్పుడిప్పుడే చెయ్యి వేడెక్కుతున్నదని తాత జవాబు. ఈలోగా కోరికలు మోసుకుంటూ తంతులు వచ్చిపడ్డాయి. ఈ స్టేషన్ శనివారం కార్యక్రమం తన పుట్టినరోజుగా జరుపుకునేది ఆ రాత్రినే. కొద్ది వారాల్లోనే హే దాన్ని వారం వారం జరిగే ‘బార్న్ డాన్స్’గా మార్చేశాడు.

నిజానికి జిమ్మీ తాత కన్నా ముందే ఆ మైకు ముందు పల్లెపాట వాయించినవాడు ఒకడున్నాడు. డాక్టర్ హంఫ్రీ బేట్. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి ప్రాక్టీసు పెట్టిన డాక్టరు. సరదాకు మౌత్ ఆర్గాన్ వాయించేవాడు. మొదట్లో అతని బృందం సూటూ టై కట్టుకునే వచ్చేది. హేకు అది రుచించలేదు. పల్లెపాటలు పాడేవాళ్లు పల్లెటూరివాళ్లలాగే కనబడాలి అన్నాడు. డాక్టరుగారి బృందానికి ‘పాజమ్ హంటర్స్’ అని పేరు తగిలించాడు. పాజమ్ అంటే చెట్లెక్కే ఓ చిన్న జంతువు. దాన్ని వేటాడేవాళ్లన్నమాట. ఇంకో బృందానికి ‘గల్లీ జంపర్స్’ అన్నాడు, అంటే గండ్లు దూకేవాళ్లు. మరో బృందం ‘ఫ్రూట్ జార్ డ్రింకర్స్’, ఊరగాయ సీసాల్లో నాటుసారా తాగేవాళ్లు అని ధ్వని. ఓవరాల్స్ తొడిగించి, గడ్డి టోపీలు పెట్టించి, మొక్కజొన్న చేలల్లో, పందుల పక్కన నిలబెట్టి ఫొటోలు తీయించాడు.

డాక్టరుకు పందులు కాసేవాడి వేషం! ఇది నాకు ఈ కథలో అన్నిటికన్నా రుచికరమైన ఘట్టం. పల్లె తన పాటను పట్నానికి పంపిందని అందరూ చెప్పుకుంటారు. కానీ ఆ పాటకు పల్లెటూరి బట్టలు కుట్టింది పట్నంలోని అయిదో అంతస్తు. రేడియోలో బట్టలు కనబడవు కదా అంటారేమో. పేరు కనబడుతుంది. ఏజెంటు చేతిలో ఫొటో కనబడుతుంది. వినేవాడు తన మామనో పెదనాన్ననో ఊహించుకోవడానికి అది చాలు.

అందరిదీ వేషమే అనడం కూడా అన్యాయం. తొలి తార అంకుల్ డేవ్ మేకన్ అసలు సిసలు పల్లెటూరి మనిషి. 1870లో పుట్టాడు. కంచర గాడిదల బండ్లతో సరుకు రవాణా చేసి బతికాడు. లారీలొచ్చి బండ్ల బతుకును తినేశాక, యాభై దాటిన వయసులో బ్యాంజోను వృత్తి చేసుకున్నాడు. బ్యాంజోను గాలిలో తిప్పుతూ, కాళ్లు తాటిస్తూ వాయించేవాడు. ఆ తాటింపు మైకులో కూడా వినబడేది.

పేరు పెట్టిన రైలు

1927 చివర్లో ఓ శనివారం. డబ్ల్యూఎస్‌ఎంలో బార్న్ డాన్స్‌కు ముందు ఎన్‌బీసీ నెట్‌వర్కు నుంచి శాస్త్రీయ సంగీతం వచ్చేది. దాన్ని నడిపేవాడు వాల్టర్ డామ్రోష్. ఆ రాత్రి ఆయన చివర్లో రైలింజను పరుగును వర్ణించే ఓ ఆర్కెస్ట్రా రచన వినిపించాడు. నాష్‌విల్ వంతు వచ్చింది. హే తన మొదటి కళాకారుణ్ని పిలిచాడు. డిఫర్డ్ బెయిలీ. నల్లజాతి కుర్రాడు, మౌత్ ఆర్గాన్ వాద్యకారుడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎదుగుదల ఆగిపోయిన మనిషి. అతను ‘పాన్ అమెరికన్ బ్లూస్’ అందుకున్నాడు. పాన్ అమెరికన్ అంటే నాష్‌విల్ మీదుగా పరుగెత్తే ఎక్స్‌ప్రెస్ రైలు. ఒక్క మౌత్ ఆర్గాన్‌తో చక్రాల చప్పుడు, ఆవిరి బుస, కూత, వంతెన మీద మారే ధ్వని అన్నీ పలికించాడు. నిమిషాల కిందట ఓ పెద్ద వాద్యబృందం చేసిన పని!

అది అయ్యాక హే మైకు దగ్గర ఓ మాట విసిరాడు. ఇంతసేపూ మనం గ్రాండ్ ఆపెరా సంగతులు విన్నాం, ఇకపై మాది ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ అన్నాడు. ఆపెరాను పల్లె నాలుక మీద పెడితే ఓప్రీ అవుతుంది. మన ఊళ్లలో ‘స్టేషన్’ ‘టేసన్’ అయినట్టు. వెక్కిరింతగా పుట్టిన ఆ పేరే ఇవాళ్టికీ నిలిచింది.

బెయిలీ ఆ తర్వాత పదమూడేళ్లకు పైగా ఓప్రీలో వాయించాడు. తెల్లవాళ్ల బృందాలతో పాటు ఊరూరా తిరిగాడు. మైకులో అతని రంగు వినబడదు కాబట్టి రేడియోలో గొడవ లేదు. ఊళ్లలో మాత్రం హోటళ్లు గది ఇచ్చేవి కావు. అంకుల్ డేవ్ ఒక్కోసారి ఇతను నా పనివాడు, నా గదిలోనే ఉంటాడు అని చెప్పి లోపలికి తీసుకుపోయేవాడు. ఓప్రీకి నామకరణం చేయించిన మనిషి ఓ బ్యాంజో వాద్యకారుడి నౌకరుగా పొద్దుపుచ్చాలి.

1941లో అతన్ని ఓప్రీ నుంచి పంపేశారు. పైకి కారణం హక్కుల గొడవ. పాటల హక్కులు చూసే ఆస్కాప్ సంస్థ రేటు పెంచడంతో రేడియో యజమానులు బీఎంఐ అనే పోటీ సంస్థ పెట్టుకుని ఆస్కాప్ పాటలు ప్రసారం చేయడం మానేశారు. బెయిలీకి పేరు తెచ్చిన పాటలు ఆ వేటులో పడ్డాయి. కొత్తవి కట్టమన్నారు. జనం అడిగేది పాతవే కదా అని అతని బాధ. తర్వాత 1945లో రాసిన చిన్న పుస్తకంలో హే అతన్ని బద్ధకస్తుడన్నాడు, ఆ బద్ధకాన్ని అతని జాతికి అంటగట్టాడు. పదమూడేళ్లు పక్కన నిలబడి ఈల ఊదిన మనిషి రాసిన మాట అది. ‘ముసలి జడ్జి’ తీర్పుల్లో ఇదొక్కటీ చదివితే మిగతావి నవ్వు తెప్పించవు.

బెయిలీ నాష్‌విల్‌లోనే బూటు పాలిష్ దుకాణం నడుపుకున్నాడు. 1974 డిసెంబర్‌లో తన 75వ పుట్టినరోజున ఓప్రీ వేదిక మీద మళ్లీ ఆ మౌత్ ఆర్గాన్ పట్టాడు. 1982లో పోయాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2005లో దక్కింది.

ఇంకో సంగతి. 1933 నుంచి ఆ స్టేషన్ ఓ చిత్రమైన ప్రసారం చేసింది. బ్రెంట్‌వుడ్ టవరు పక్కనే రైలు పట్టాలు. సాయంత్రం పాన్ అమెరికన్ అటుగా పోయేటప్పుడు పట్టాల పక్కన మైకు పెట్టి, డ్రైవరు వేసే కూతను నేరుగా ప్రసారం చేసేవాళ్లు. ఎంతో దూరంలోని జనం రోజూ ఆ కూత కోసం చెవులు రిక్కించేవారు. ఓ మనిషి నోటితో చేసిన రైలు ముందొచ్చింది, అసలు రైలు తర్వాత.

గవర్నరు కోపం

పాటలు వినడమే కాదు, చూడ్డానికీ జనం వచ్చిపడ్డారు. బీమా కంపెనీ మెట్ల మీద గడ్డి టోపీలు! స్టేషన్ 500 మంది పట్టే స్టూడియో కట్టింది, సరిపోలేదు. 1934లో హిల్స్‌బరో థియేటరు, తర్వాత నేల మీద రంపపు పొట్టు పరిచిన డిక్సీ టేబర్నకిల్, 1939లో వార్ మెమోరియల్ ఆడిటోరియం. ఇక్కడే మొదటిసారి టిక్కెట్టు పెట్టారు, 25 సెంట్లు. రద్దీ తగ్గుతుందని అనుకున్నారు. తగ్గలేదు. చివరికి 1943లో రైమన్ ఆడిటోరియంలో కుదురుకున్నారు.

రైమన్ ముందు ఓ ప్రార్థనామందిరం. పడవల యజమాని టామ్ రైమన్ శామ్ జోన్స్ అనే ప్రచారకుడి ఉపదేశం విని మారిపోయి కట్టించినది. 1892లో పూర్తయింది. కుర్చీల బదులు చర్చి బల్లలు. అప్పట్లో ఏసీ లేదు, మేకప్ గదుల్లేవు. వేసవి శనివారాల్లో జనం విసనకర్రలు ఊపుతుంటే వేదిక మీంచి చూస్తే హాలంతా రెక్కలల్లారుస్తున్నట్టుండేది. పాటగాళ్లు తమ వంతు వచ్చేదాకా వెనక సందు దాటి ‘టూట్సీస్ ఆర్కిడ్ లౌంజ్’ అనే బార్లో కూర్చునేవారు.

ఊరి పెద్దలకు మాత్రం ఇదంతా తలవంపుగానే తోచింది. విశ్వవిద్యాలయాలూ గ్రీకు స్తంభాల భవనాలూ ఉన్న తమ ఊరిని ‘దక్షిణాది ఏథెన్స్’ అని పిలుచుకునేవారు. పార్థెనాన్ నమూనా కూడా కట్టుకున్నారు. అలాంటి ఊరికి ఫిడేళ్ల పేరు రావడమా! 1943లో రాయ్ అకఫ్ గౌరవార్థం జరిగే వేడుకకు రమ్మంటే గవర్నరు ప్రెంటిస్ కూపర్ రానన్నాడు. ఈ పాటలు టెనెస్సీని కొండమొరటుల రాజధానిగా మార్చి పరువు తీస్తున్నాయని ఆయన ఫిర్యాదు. 1938లో ఓప్రీకి వచ్చిన ఫిడేలు పాటగాడు అకఫ్ అప్పటికే దేశమంతా తెలిసినవాడు. 1948లో రిపబ్లికన్ పార్టీ తరఫున తానే గవర్నరు పదవికి నిలబడ్డాడు. సభలకు విరగబడి వచ్చిన జనం పాటలు విని, ఓటు మాత్రం అవతలివాళ్లకు వేశారు. ఈ సీను మనకు కొత్త కాదు.

ఇంతమంది తారల్లో ఎవరి గురించి చెప్పాలి? 1939లో వచ్చి బ్లూగ్రాస్ అనే బాణీనే కట్టిన బిల్ మన్రో. టోపీకి 1.98 డాలర్ల ధర చీటీ తీయకుండా పెట్టుకుని వచ్చే హాస్యనటి మినీ పెర్ల్. 1949 జూన్ 11న తొలిసారి వేదికెక్కిన హ్యాంక్ విలియమ్స్, ‘లవ్‌సిక్ బ్లూస్’ను మళ్లీ మళ్లీ పాడమని జనం అతన్ని దిగనివ్వలేదు. తాగుడు ఎక్కువై రావాల్సిన చోటికి రాకపోతుంటే 1952 ఆగస్టులో ఓప్రీయే అతన్ని తీసేసింది. 1953 జనవరి 1న, ఓ కచేరీకి పోతూ కారు వెనక సీట్లోనే ప్రాణం వదిలాడు. వయసు 29.

1954 అక్టోబర్ 2న ఎల్విస్ ప్రెస్లీ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు వచ్చి మన్రో పాటను తనదైన ఊపుతో పాడాడు. మర్యాదకు చప్పట్లు పడ్డాయి. మళ్లీ అతను ఆ వేదిక మీద పాడలేదు. ఓప్రీకి కట్టుబాట్ల పట్టింపు ఎక్కువ. డ్రమ్ములను చాలా ఏళ్లు వేదిక మీదికి రానివ్వలేదు. ఫిడేలు, గిటారు, బ్యాంజో చాలన్నది పెద్దల తీర్పు. ఈ సంప్రదాయాన్ని కనిపెట్టింది మొన్నటి తరమేనని వాళ్లు మరిచిపోయినట్టున్నారు.

స్టేషన్ కడుపున పుట్టిన ఊరు

నాష్‌విల్‌ను ఇవాళ ‘మ్యూజిక్ సిటీ’ అంటారు. ఆ పేరు కూడా ఈ స్టేషన్ నోటిదే. 1950లో అనౌన్సరు డేవిడ్ కాబ్ ఓ కార్యక్రమం మొదట్లో యథాలాపంగా ‘మ్యూజిక్ సిటీ యూఎస్‌ఏ’ అనేశాడు.

పేరుకు తగ్గ పనీ అక్కడే మొదలైంది. డబ్ల్యూఎస్‌ఎం ఇంజినీర్లు ముగ్గురు 1940ల చివర్లో స్టేషన్ ఉద్యోగం చేస్తూనే పక్కన ‘కాసిల్’ అనే రికార్డింగ్ స్టూడియో పెట్టారు. తులేన్ హోటల్లోని ఓ గది అందుకు చాలింది. స్టేషన్‌ను ‘దక్షిణాది గాలికోట’ అని పిలిచేవారు కాబట్టి స్టూడియో కోటైంది. హ్యాంక్ విలియమ్స్ పాటల్లో చాలా భాగం అక్కడ రికార్డయినవే. అంతకుముందు 1942లోనే రాయ్ అకఫ్, ఫ్రెడ్ రోజ్ కలిసి పాటల హక్కుల వ్యాపారం చేసే అకఫ్-రోజ్ సంస్థ పెట్టారు. పాటగాళ్లు శనివారం కోసం ఎలాగూ ఊళ్లోనే ఉంటున్నారు. రాసేవాళ్లు, రికార్డు చేసేవాళ్లు, అమ్మేవాళ్లు వాళ్ల చుట్టూ చేరారు. ఓప్రీ సభ్యత్వానికి షరతు కూడా గట్టిదే: 1960ల మొదట్లో ఏడాదికి 26 శనివారాలు వచ్చి తీరాలి. శనివారమంటే బయట కచేరీలకు డబ్బులొచ్చే రోజు. ఆ డబ్బు వదులుకోలేనివాళ్లు 1964లో సభ్యత్వం వదులుకోవాల్సి వచ్చింది.

ఇంతా చేస్తే ఆ స్టేషన్ చాలా ఏళ్లు కంట్రీ స్టేషనే కాదు! వారంలో మిగతా రోజులు డాన్సు బ్యాండులు, ఆర్కెస్ట్రాలు, నాటకాలు. తర్వాత సినిమాల్లో, టీవీలో వెలిగిన డైనా షోర్ అక్కడ పాడుతూ పైకొచ్చినదే. 1941లో అమెరికాలో తొలి వాణిజ్య ఎఫ్‌ఎం స్టేషన్ కూడా వాళ్లదే. వినే సెట్లు జనం దగ్గర లేకపోయాయి. కంట్రీ పాటకు శనివారం రాత్రి కేటాయించింది ఆ పాట అంతవరకే అమ్ముతుందన్న లెక్కతో. ఆ ఒక్క రాత్రే మిగతా ఆరు రోజులనూ మింగేసింది.

తెల్లవారుజాము కూడా కంట్రీ పాటకు దక్కింది రాల్ఫ్ ఎమరీ వల్ల. 1957 నుంచి ఆయన రాత్రంతా మేలుకుని మైకు దగ్గర కూర్చునేవాడు. లారీ డ్రైవర్లు ఆ గొంతు తోడుగా రాష్ట్రాలు దాటేవారు. పాడి అలసిన తారలు అర్ధరాత్రి దాటాక స్టూడియోలోకి వచ్చి, కాఫీ తాగుతూ కబుర్లు చెప్పి, ఇంకా మార్కెట్లోకి రాని రికార్డు చేతికిచ్చి పోయేవారు.

ఓ చక్రం ముక్క

1974 మార్చి 15న రైమన్‌లో ఆఖరి రాత్రి. మర్నాడే ఊరి శివారున ఓప్రీల్యాండ్ అనే వినోద పార్కులో కొత్త హాలు. ప్రారంభానికి అధ్యక్షుడు నిక్సన్ వచ్చాడు. పియానో వాయించాడు. అకఫ్ ఆయనకు యోయో తిప్పడం నేర్పబోయాడు. వాటర్‌గేట్ కుంభకోణం మెడకు చుట్టుకుంటున్న రోజులవి. అయిదు నెలల్లో ఆయన పదవే జారిపోయింది.

కొత్త హాల్లో ఏసీ ఉంది, మెత్తటి సీట్లున్నాయి. ఒక్కటి మాత్రం పాతది. రైమన్ వేదిక నుంచి ఆరడుగుల ఓక్ చెక్క గుండ్రంగా కోసుకొచ్చి వేదిక మధ్యలో అమర్చారు. పాటగాళ్లు నిలబడేది దాని మీదే. మొదటిసారి అక్కడ అడుగుపెట్టేవాళ్లు ముందు కిందికి చూస్తారు. జోళ్లతో అరిగి, పాలిష్ పోయి, గీతలు పడిన చెక్క.

ఆ తర్వాత యజమానులు మారారు. 1982లో హ్యూస్టన్‌లోని అమెరికన్ జనరల్ బీమా సంస్థ నేషనల్ లైఫ్‌ను కొనేసింది. పాటల వ్యాపారం దానికి అక్కర్లేదు. మరుసటేడు ఓక్లహోమాకు చెందిన గేలార్డ్ కుటుంబం సంస్థ స్టేషన్‌నూ ఓప్రీనీ తీసుకుంది. లక్షల మందికి రక్ష అన్న కంపెనీ పేరు కాలక్రమంలో పోయింది. నినాదం మాత్రం అక్షరాల రూపంలో రోజూ గంట గంటకూ గాలిలో పలుకుతూనే ఉంది, దేనికి పొడి అక్షరాలో చాలామందికి తెలియకుండా.

2001 చివర్లో ఆ గేలార్డే 650ను ఆటల కబుర్ల స్టేషన్‌గా మార్చాలని లెక్కలు వేసింది. వార్త బయటపడగానే శ్రోతలు, పాటగాళ్లు రోడ్డెక్కారు. 2002 జనవరిలో కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ రోజు ఆ ఆలోచన నెగ్గి ఉంటే షికాగో డబ్ల్యూఎల్‌ఎస్ గతే పట్టేది. ఒకప్పుడు ఓప్రీ కన్నా పెద్ద పేరున్న షికాగో స్టేషన్ 1960లో తన ‘బార్న్ డాన్స్’ను ఆపేసి రాక్ పాటలకు తిరిగింది. దాన్ని తలుచుకునేవాళ్లు ఇప్పుడెంతమంది?

2010 మే నెల వరద ఇంకోలా పరీక్ష పెట్టింది. కంబర్లాండ్ నది పొంగి ఓప్రీ హాల్లోకి వచ్చింది. వేదిక మీద దాదాపు నాలుగడుగుల నీరు. చెక్క చక్రం మునిగింది. స్టూడియో ఉన్న హోటలూ మునిగింది. సిబ్బంది బ్రెంట్‌వుడ్ టవరు కింద 1932లో కట్టిన ట్రాన్స్‌మిటరు భవనానికి మకాం మార్చి, అక్కడి నుంచే మాట్లాడారు. వరద వచ్చిన వారమే ఓప్రీని 1939లో తాము చేరిన వార్ మెమోరియల్‌లో జరిపారు. చక్రాన్ని ఆరబెట్టి, బాగుచేసి మళ్లీ వేదికకు అమర్చారు, సెప్టెంబర్ 28న హాలు మళ్లీ తెరుచుకుంది. ప్రసారం మాత్రం ఒక్క వారం కూడా తప్పలేదు.

2021 అక్టోబర్ 30న అయిదువేలో శనివారం ప్రసారం జరిగింది. ఆ లెక్కలో కరోనా నాటి శనివారాలూ ఉన్నాయి. 2020 మార్చి 14 నుంచి నెలల తరబడి, 4,400 సీట్లున్న ఆ హాల్లో ఒక్క ప్రేక్షకుడు లేకుండా ప్రసారం నడిచింది. ఇద్దరో ముగ్గురో పాటగాళ్లు గిటార్లు పట్టుకుని దూరదూరంగా కూర్చునేవారు. పాట అయ్యాక చప్పట్లు ఉండవు. అవతలివాళ్లు ఓ మాట కలిపేవారు, లేదా తీగ సరిచేసుకుని ఇంకో పాట అందుకునేవారు. అయిదో అంతస్తులో ఆ ముసలి ఫిడేలు తాత ముందు కూడా జనం లేరు. మైకు, పియానో, మేనకోడలు. అంతే.